సెకనుకు 24 బొమ్మలు, సెకనుకు 25 బొమ్మలు

ఒక చిత్రం తయారైంది. దానిని కూర్చిన ఎడిటరు తన కంప్యూటరులో చూశాడు, సెల్‌ఫోనులో చూశాడు. ఎక్కడా లోపం కనిపించలేదు. అదే ఫైలును టెలివిజన్ సంస్థకు పంపగా, నిర్దేశాలకు అనుగుణంగా లేదన్న కారణంతో అది తిరిగి వచ్చింది. చిత్రనిర్మాణంలో కొత్తగా ప్రవేశించిన వారికి ఇట్టి అనుభవం తరచుగా కలుగుతుంది. కంటికి ఇంత చక్కగా కనిపించే చిత్రాన్ని నిరాకరించడం వారికి అన్యాయంగా కూడా తోస్తుంది. కాని ఆ నిర్దేశాలలోని ప్రతి అంకె వెనుక ఒక భౌతికశాస్త్ర కారణమో, ఒక చారిత్రక కారణమో ఉన్నది. ఆ కారణాలు తెలియక ఫైలును మార్చబోతే చిత్రానికి కలిగే హాని కొన్ని సందర్భాలలో మళ్ళీ సరిదిద్దరానిది.

కంప్యూటరులోని వీడియో ప్లేయరు ఓర్పుగల పరికరం. తనకు అందిన ఫైలులో సెకనుకు ఎన్ని బొమ్మలు ఉన్నవి, ఒక్కొక్క బొమ్మ వెడల్పు ఎంత, ధ్వని ఏ పద్ధతిలో ఉన్నది అని ముందుగా చదువుకొని, అందుకు తగినట్లు తన నడకను మార్చుకుంటుంది. ప్రసారకేంద్రానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ వార్తలు, నాటకం, ప్రకటన, సినిమా ఒకదాని వెంట ఒకటి రాత్రింబవళ్లు ఆగకుండా సాగాలి. యంత్రాలన్నీ ఒకే గడియారానికి లోబడి నడవాలి. మీటరుగేజి పెట్టెను బ్రాడ్‌గేజి పట్టాల మీద నడపలేనట్లే, వేరొక కొలతతో వచ్చిన ఫైలును ఆ వరుసలో చేర్చడం కుదరదు. అందుచేత ప్రతి టెలివిజన్ సంస్థ తనకు అందవలసిన ఫైలు ఎట్లా ఉండాలో వివరిస్తూ ఒక పత్రాన్ని ప్రకటిస్తుంది. దానిని డెలివరీ స్పెసిఫికేషన్ అంటారు.

ఇట్టి పత్రాలలో పేరుపొందినది బ్రిటనుకు చెందినది. బి.బి.సి., ఐ.టి.వి., ఛానెల్ 4 అనే మూడు సంస్థలు కలిసి డిజిటల్ ప్రొడక్షన్ పార్ట్‌నర్‌షిప్ అనే పేర ఏర్పడి, అందరికీ ఒకే నిర్దేశాన్ని తయారుచేశాయి. అంతవరకు కార్యక్రమాలు టేపుల మీద చేరేవి. 2014 అక్టోబరు 1 నుంచి ఫైళ్ళుగా చేరడం అక్కడ ఆచారమైంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల బొమ్మలు, సెకనుకు 25, ఏ.వి.సి. ఇంట్రా అనే పద్ధతిలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నిక్షిప్తం, ఎమ్.ఎక్స్.ఎఫ్. అనే రకపు ఫైలు. ధ్వని సగటు బిగ్గరతనం మైనస్ 23. కార్యక్రమం మొదటి బొమ్మ సరిగా 10 గంటల 0 నిమిషాల 0 సెకన్ల గుర్తు వద్ద ఉండడం: ఆ పత్రం కోరిన వాటిలో ఇవి ముఖ్యమైనవి. భారతదేశంలోని టెలివిజన్ కూడా మొదటినుంచి ఈ 25 బొమ్మల కుటుంబానికి చెందినదే కనుక ఈ ఉదాహరణ మనకు పరాయిది కాదు.

సంచీ, సరుకూ

ఫైలు పేరు చివర ఉండే మూడు అక్షరాలను మార్చితే ఫైలు మారిపోతుందని చాలామంది అనుకుంటారు. బస్తా మీది ముద్ర మార్చినంత మాత్రాన లోపలి బియ్యం రకం మారదు గదా! వీడియో ఫైలులో రెండు వేర్వేరు విషయాలు ఉన్నవి. మొదటిది సంచి. బొమ్మలు, ధ్వని, కాలపు గుర్తులు అన్నిటినీ ఒక క్రమంలో పట్టి ఉంచేది ఇది. రెండవది ఆ సంచిలోని బొమ్మలను కుదించిన పద్ధతి. దీనిని కోడెక్ అంటారు. సరుకును తాకకుండా సంచిని మార్చవచ్చు. అందులో నష్టం ఏమీ లేదు, నిమిషాలలో పూర్తవుతుంది. కుదింపు పద్ధతిని మార్చాలంటే మాత్రం ప్రతి బొమ్మనూ విప్పి తిరిగి కుదించాలి. కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

సెల్‌ఫోను వీడియో చిన్నదిగా ఉండడానికి ఒక ఉపాయం ఉన్నది. దానిలో పూర్తి బొమ్మ ఎప్పుడో ఒకటి మాత్రమే ఉంటుంది. మధ్య బొమ్మలకు బదులు వాటికీ పక్కనున్న బొమ్మలకూ గల తేడాలు మాత్రమే వ్రాసి ఉంటాయి. చోటు కలిసివస్తుంది గాని, మధ్యలో ఒక చోట కోయాలంటే పూర్తి బొమ్మ ఉన్న చోటు వరకు వెనుకకు వెళ్ళి లెక్క కట్టుకొని రావాలి. ఇంట్రా పద్ధతిలో ప్రతి బొమ్మా పూర్తిగా, ఇతర బొమ్మలతో నిమిత్తం లేకుండా ఉంటుంది. అందుకు మూల్యం చోటు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 12.5 మెగాబైట్లు, గంట కార్యక్రమానికి బొమ్మలకే 45 గిగాబైట్లు. ప్రసారసంస్థలు ఈ ఖర్చును సంతోషంగా భరిస్తాయి, ఎక్కడ కోసినా, ఎక్కడ ప్రకటన చొప్పించినా బొమ్మ చెడదు గనుక.

24 ఎక్కడిది, 25 ఎక్కడిది?

సంచి, కుదింపు అనేవి యంత్రానికి వదిలివేయదగిన సంగతులు. అసలు చిక్కు కాలంతో వస్తుంది.

సినిమా ఫిల్ము విడివిడి ఛాయాచిత్రాల వరుస అని విద్యార్థులు ఎరుగుదురు. మూకీల కాలంలో ఆ వరుస నడిచే వేగానికి కచ్చితమైన నియమం లేదు. 1920 దశాబ్ది చివర టాకీలు రావడంతో ధ్వని కూడా ఫిల్ము మీదనే అచ్చయింది. వేగం కొంచెం మారినా పాట శ్రుతి తప్పుతుంది. అందుచేత సెకనుకు 24 బొమ్మలు అనే వేగం స్థిరపడింది. సెకనుకు 24 సార్లు వెలుగు ఆరి వెలిగితే కన్ను మినుకుమినుకును గుర్తిస్తుంది కనుక, ప్రొజెక్టరులోని రెక్క ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు చూపుతుంది. బొమ్మలు 24, వెలుగులు 48.

టెలివిజన్ వేగానికి ఆధారం ఇంటింటి విద్యుత్తు. బ్రిటనులో, భారతదేశంలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. తొలినాటి టెలివిజన్ పెట్టెలలో ఆ ఊపు ఎంతో కొంత బొమ్మలోకి చొరబడి నీడల పట్టీలుగా కనిపించేది. బొమ్మల వేగం విద్యుత్తు ఊపుతో కలిసి నడిస్తే ఆ పట్టీ ఒక చోట నిలిచి ఉంటుంది, కన్ను దానిని అంతగా పట్టించుకోదు. వేరుగా నడిస్తే పట్టీ తెర మీద మెల్లగా పాకుతుంది, చూపరికి చికాకు కలుగుతుంది. అందుచేత 1936లో బ్రిటనులో నిత్య ప్రసారాలు ప్రారంభమైనప్పుడు 50లో సగమైన 25 బొమ్మలను స్వీకరించారు. అమెరికా 60లో సగమైన 30ని తీసుకున్నది. మినుకును తగ్గించడానికి ఇక్కడ వేరొక ఉపాయం ఉన్నది. బొమ్మను గీతలుగా విడదీసి, ముందు బేసి గీతలను, తరువాత సరి గీతలను పంపుతారు. ఈ అరబొమ్మను ఫీల్డు అంటారు. బొమ్మలు 25 అయినా ఫీల్డులు 50 అవుతాయి. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రారంభమైన ప్రసారాలు, 1977లో హైదరాబాదులో నెలకొన్న కేంద్రం, 1982లో వచ్చిన రంగుల ప్రసారం అన్నీ ఈ 25 బొమ్మల, 50 ఫీల్డుల పద్ధతిలోనివే.

అమెరికా అంకె 30గా నిలువలేదు. 1953లో అక్కడ రంగుల టెలివిజన్ పద్ధతి ఆమోదం పొందినప్పుడు, రంగును మోసే తరంగానికీ ధ్వనిని మోసే తరంగానికీ మధ్య వైరం వచ్చింది. ఆ రెంటి కలయిక వలన తెర మీద సన్నని చుక్కల వల కనిపించే ప్రమాదం ఏర్పడింది. ధ్వని తరంగం బొమ్మ తరంగానికి 45 లక్షల హెర్ట్జ్‌ల దూరంలో ఉన్నది. అప్పటికే ఇళ్ళలో ఉన్న నలుపు తెలుపు పెట్టెలు చెడకుండా ఉండాలంటే ఆ దూరాన్ని మార్చకూడదు. కనుక ఆ దూరం గీతల వేగానికి సరిగా 286 రెట్లు అయ్యేటట్లు గీతల వేగాన్నే కొంచెం తగ్గించారు. 45,00,000ను 286తో భాగిస్తే సెకనుకు 15,734.27 గీతలు, దానిని బొమ్మకు 525 గీతల చొప్పున భాగిస్తే 29.97 బొమ్మలు. ఈ భాగహారాన్ని తరగతిలో ఎవరైనా చేసి చూడవచ్చు. నలుపు తెలుపు పెట్టెలు పోయాయి, ఆ ధ్వని తరంగమూ పోయింది, 29.97 మాత్రం నేటి డిజిటల్ ఫైళ్ళలోనూ మిగిలి ఉన్నది.

దీని వలన ఒక వింత లెక్క పుట్టింది. 30 బొమ్మలను సెకనుగా లెక్కించుకుంటూ పోతే గంటకు 108 బొమ్మల తేడా, అనగా 3.6 సెకన్ల తేడా వస్తుంది. ప్రసారకేంద్రంలో అది చిన్న తేడా కాదు. అందుచేత ప్రతి నిమిషం మొదట రెండు అంకెలను దాటవేస్తారు. పదేసి నిమిషాలకు ఒకసారి మాత్రం దాటవేయరు. ఇందులో బొమ్మ ఏదీ పోదు, అంకె మాత్రమే పోతుంది. పంచాంగంలో క్షయ తిథి వచ్చిన పక్షంలో రోజు పోదు గదా, అటువంటిదే ఇది.

పాట శ్రుతి మారిన విధం

సెకనుకు 24 బొమ్మలతో తీసిన సినిమాను 25 బొమ్మల ప్రసారానికి అనువుగా మార్చడమెట్లా? 50 హెర్ట్జ్ దేశాలన్నిటిలోనూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న మార్గం అతి సులభమైనది: ఉన్న బొమ్మలనే కొంచెం వేగంగా నడపడం. ఒక్క బొమ్మ కూడా కలపనక్కరలేదు, తీయనక్కరలేదు. వేగం నూటికి సుమారు 4.2 వంతులు పెరుగుతుంది. రెండున్నర గంటల చిత్రం, అంటే 150 నిమిషాలది, 144 నిమిషాలలో ముగుస్తుంది. నటుల నడకలో ఆ తేడాను కన్ను పసిగట్టదు.

చెవి పసిగడుతుంది. ధ్వని కూడా అదే నిష్పత్తిలో పరుగెత్తుతుంది కనుక ప్రతి స్వరపు కంపనసంఖ్య 25/24 రెట్లు అవుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట తీసుకుందాం. హార్మోనియం మీద ఆ షడ్జమం సెకనుకు 261.6 కంపనాలు గలది. వేగంగా నడిపిన చిత్రంలో అది 272.5 అవుతుంది. దాని పైమెట్టు అయిన ఒకటిన్నర శ్రుతి 277.2 వద్ద ఉన్నది. అనగా పాట ఒకటి శ్రుతిని విడిచి, ఒకటిన్నరకు చేరకుండా, ఆ మెట్టులో పదింట ఏడు వంతుల ఎత్తున నిలిచింది. టెలివిజనులో పాత చిత్రం చూస్తూ, అందులోని పాటను హార్మోనియం మీద పలికించబోయిన వారికి ఏ మెట్టు నొక్కినా కుదరకపోవడానికి ఇది ఒక కారణం. గాయకుని కంఠం కొంత పలుచబడినట్లు, తాళం కొంత తొందరపడినట్లు కూడా తోస్తుంది.

ఈ కాలంలో వేగాన్ని పెంచి, శ్రుతిని మాత్రం మునుపటి చోటికి దించే సాధనాలు కంప్యూటర్లలో ఉన్నాయి. అవి ధ్వనిని సెకనులో కొన్ని వందలవ వంతు నిడివిగల ముక్కలుగా చేసి, ఒకదాని అంచు మీద మరొక దాని అంచును అతుకుతాయి. సంభాషణల వరకు ఇది బాగానే పనిచేస్తుంది. దీర్ఘంగా పట్టిన స్వరంలో, మృదంగం మీద పడిన దెబ్బలో అతుకు వినిపించవచ్చు. కనుక సంగీతం ప్రధానమైన చిత్రానికి ఈ సాధనాన్ని వాడినప్పుడు చెవి పెట్టి వినడం తప్పనిసరి.

అమెరికా వారికి ఈ మార్గం పనికిరాదు. 24ను 30కి పెంచితే నటులు పరుగులు తీస్తారు. వారు ఫిల్ములోని ఒక బొమ్మను రెండు ఫీల్డులకు, తరువాతి బొమ్మను మూడు ఫీల్డులకు పంచుతారు. నాలుగు బొమ్మలు పది ఫీల్డులయ్యాయి; సెకనుకు 24 బొమ్మలు 60 ఫీల్డులయ్యాయి. 29.97కు సరిపడేందుకు ఫిల్మును వెయ్యింట ఒక వంతు నెమ్మదిగా నడుపుతారు. అందువలన రెండున్నర గంటల చిత్రం 9 సెకన్లు పెరుగుతుంది. శ్రుతిలో తేడా ఎవరికీ తెలియదు. అయితే రెండు, మూడు, రెండు, మూడు అనే ఈ కుంటినడక కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాలలో చిన్న కుదుపుగా కనిపిస్తుంది. ఒకరు ధ్వనిని చెడగొట్టుకున్నారు, మరొకరు చలనాన్ని చెడగొట్టుకున్నారు.

లేని బొమ్మను పుట్టించడం

ఇంతకంటె కష్టమైనది 29.97 నుంచి 25కు రావడం. అమెరికాలోని తెలుగువారి సభలో ప్రదర్శించిన కూచిపూడి నృత్యాన్ని అక్కడి కెమెరాతో చిత్రించి ఇక్కడి ఛానెలుకు పంపారనుకుందాం. అక్కడి కెమెరా ప్రారంభం నుంచి 0, 33, 67, 100 మిల్లీసెకన్ల వద్ద బొమ్మలు తీసింది. ఇక్కడి ప్రసారానికి 0, 40, 80, 120 మిల్లీసెకన్ల నాటి బొమ్మలు కావాలి. 40వ మిల్లీసెకను నాటి బొమ్మ ఎవరూ తీయలేదు. వేగం తగ్గించి నడుపుదామంటే ఆరవ వంతు తగ్గించాలి; నర్తకి నిద్రలో ఆడినట్లుంటుంది, పాట పాతాళానికి దిగుతుంది.

మూడు మార్గాలు ఉన్నవి. ప్రతి ఆరు బొమ్మలకు ఒకదానిని పారవేయడం మొదటిది. దీనివలన సెకనుకు ఐదు కుదుపులు వస్తాయి. జతి వేగంగా ఉన్నచోట పాదం ఎగిరి దూకినట్లు కనిపిస్తుంది. ఇరువైపుల బొమ్మలను కలిపి కరిగించడం రెండవది. అప్పుడు కదిలే చేతికి నీడచేయి తోడవుతుంది, ముద్ర స్పష్టంగా ఉండదు. మూడవ మార్గంలో కంప్యూటరు 33వ, 67వ మిల్లీసెకన్ల బొమ్మలను పోల్చి, ఏ చుక్క ఎటు ఎంత జరిగిందో అంచనా వేసి, 40వ మిల్లీసెకను వద్ద ఎక్కడ ఉండాలో గణించి కొత్త బొమ్మను చిత్రిస్తుంది. మూడింటిలో మేలైనది ఇదే. అయినా వేళ్ళు ఒకదాని వెనుక ఒకటి మాయమయ్యే చోట, పట్టుచీర కుచ్చెళ్ళు విప్పారే చోట దాని అంచనా తప్పుతుంది. వేళ్ళు కరిగి అంటుకొనిపోయినట్లు ఒక్క క్షణం కనిపిస్తాయి. వేగంగా ఆడే ప్రతి భాగాన్నీ మనిషి కూర్చుండి చూడవలసిందే.

ఈ మార్పులో కార్యక్రమం నిడివి మారదు కనుక ధ్వనిని తాకవలసిన పని లేదు. సినిమా విషయంలో బొమ్మలు చెక్కుచెదరలేదు, పాట మారింది. ఇక్కడ పాట చెక్కుచెదరలేదు, బొమ్మలు మారాయి.

గీతలు, కొలతలు, రంగులు

బేసి గీతలు, సరి గీతలు అనే ఏర్పాటు నేటి 1080 గీతల ప్రసారంలోనూ చాలాచోట్ల కొనసాగుతున్నది. అందువలన రెండు పొరపాట్లు జరుగుతాయి. ఫీల్డుల వరుస తారుమారైతే 1, 2, 3, 4 అని కదలవలసిన వస్తువు 2, 1, 4, 3 అని ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ఇది కంటికి వెంటనే దొరుకుతుంది, దిద్దడమూ తేలిక. రెండవది ప్రమాదకరమైనది. పాత 576 గీతల బొమ్మను, దానిలో రెండు వేర్వేరు క్షణాల గీతలు ఒకదానిలో ఒకటి దువ్వెన పళ్ళవలె ఇమిడి ఉన్నాయని గమనించక, నేరుగా 1080కి సాగదీస్తే, ఆ రెండు క్షణాలు కలగలిసిపోతాయి. పాలూ నీళ్ళూ కలిసిన తరువాత వేరుచేసే హంస ఈ రంగంలో లేదు. ముందుగా ఫీల్డులను విడదీసి, ఒక్కొక్క దానినీ పూర్తి బొమ్మగా పెంచి, ఆ తరువాతనే సాగదీయాలి.

పాత డిజిటల్ బొమ్మ కొలతలోనూ ఒక తమాషా ఉన్నది. 576 గీతల బొమ్మ 4:3 ఆకారంలో కనిపించాలంటే అడ్డంగా 768 చుక్కలు ఉండాలి, ఉన్నవి 720. కారణమేమంటే 1982లో అంతర్జాతీయ ప్రమాణాన్ని నిర్ణయించినప్పుడు అమెరికా గీతల వేగానికి, యూరపు గీతల వేగానికి రెంటికీ సరిపడే ఒకే గణన వేగంగా సెకనుకు ఒక కోటి 35 లక్షలను ఎంచుకున్నారు. దానిని యూరపువారి 15,625 గీతలతో భాగిస్తే గీతకు 864, అమెరికావారి 15,734.27తో భాగిస్తే 858. రెండూ పూర్ణసంఖ్యలే. వాటిలో బొమ్మకు ఉపయోగపడేవి ఇరువురికీ 720. ఆ రాజీ ఫలితంగా చుక్కలు చతురస్రంగా లేక కొంచెం నలిగినట్లుంటాయి. మార్చేవారు దానిని లెక్కలోకి తీసుకోవాలి. 4:3 బొమ్మను 1080 గీతలకు పెంచితే వెడల్పు 1440 చుక్కలు. మిగిలిన 480ని ఇరువైపులా నల్లని పట్టీలుగా వదలడం మర్యాద. తెర నింపాలనే ఆతురతతో సాగదీస్తే సన్నని నటులు కూడా మూడోవంతు లావెక్కుతారు. ఇట్టి ప్రసారాలు అరుదేమీ కాదు.

వెలుగును అంకెలలో వ్రాసే పద్ధతులు రెండు. కంప్యూటరు నలుపును 0గా, తెలుపును 255గా వ్రాస్తుంది. ప్రసారంలో నలుపు 16, తెలుపు 235. సంకేతం కొంచెం పొర్లినా తెగిపోకుండా ఇరువైపులా ఖాళీ ఉంచారు. ఫైలు ఏ పద్ధతిలో ఉన్నదో గుర్తించకపోతే ముప్పు. ఇప్పటికే ప్రసార పద్ధతిలో ఉన్నదానిని మరొకసారి మార్చితే నలుపు 30కి లేచి, తెలుపు 218కి పడిపోయి, బొమ్మ బూడిద పూసినట్లుంటుంది. దీనికి విరుద్ధంగా, కంప్యూటరు పద్ధతి ఫైలును మార్చకుండా పంపితే 16కు దిగువనున్న నీడలన్నీ ఒకే నలుపులో మునిగిపోతాయి. రాత్రి దృశ్యంలో దీపం పక్కన అరకొరగా కనిపించవలసిన ముఖం అసలే కనిపించదు.

రంగులకు కూడా ఇట్టి నియమమే. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను కలిపి వెలుగును గణించేటప్పుడు పాత టెలివిజన్ ప్రమాణం ఆకుపచ్చకు 0.587 వంతు ఇచ్చింది. నేటి 1080 గీతల ప్రమాణం 0.7152 వంతు ఇస్తుంది. కొలత మాత్రమే పెంచి ఈ గుణకాలను మార్చడం మరచిపోతే వరిచేను పచ్చదనమూ, మనిషి చర్మపు ఛాయా రెండూ కొద్దిగా తప్పుతాయి. కొద్దిగా కనుకనే ఎవరూ పట్టుకోరు.

బొమ్మ వెలుగుకు సంబంధించిన మరొక నియమం చూపరుల ఆరోగ్యం కోసం ఏర్పడింది. 1997 డిసెంబరు 16న జపానులో ‘పోకెమాన్’ అనే పిల్లల బొమ్మల చిత్రం ప్రసారమవుతుండగా, ఎరుపు నీలం వెలుగులు అతివేగంగా మారిన ఒక దృశ్యం చూసి ఆరువందలకు పైగా చూపరులను ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. వారిలో అత్యధికులు పిల్లలు. కొందరిలో ఇట్టి మెరుపులు మూర్ఛను కలిగిస్తాయి. తెరలో చెప్పుకోదగినంత భాగం సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదనే నియమం బ్రిటనులో అంతకు ముందే ఉన్నది. ప్రతి ఫైలునూ యంత్రంతో ఈ పరీక్ష చేస్తారు. మెరుపులో నలుపు తెలుపుల అంతరమే ఇక్కడ ప్రధానం కనుక, పైన చెప్పిన అంకెల పొరపాటు వలన అంతరం పెరిగి, అంతకు ముందు నెగ్గిన దృశ్యం కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు.

ధ్వని కొలత

మెల్లగా సాగే నాటకం మధ్యలో ప్రకటన వచ్చి చెవులు అదరగొట్టడం అందరికీ అనుభవమే. పూర్వం ధ్వని గరిష్ఠ స్థాయిని మాత్రమే కొలిచేవారు. ప్రకటనలవారు ఆ హద్దు దాటకుండానే, మెల్లని ధ్వనులన్నిటినీ ఆ హద్దు వరకు లేపి బిగ్గరగా వినిపించేవారు. దీనికి విరుగుడుగా, చెవికి మొత్తం మీద ఎంత బిగ్గరగా తోస్తుందో లెక్కించే సూత్రం 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని ఆధారంగా యూరపు ప్రసారసంస్థల సంఘం 2010లో కార్యక్రమపు సగటు మైనస్ 23 ఉండాలని నిర్దేశించింది. అమెరికాలో బిగ్గర ప్రకటనలను అరికట్టే చట్టం 2012 డిసెంబరులో అమలులోకి వచ్చింది. అక్కడి అంకె మైనస్ 24.

ఈ కొలతలో ధ్వనిని 0.4 సెకను ముక్కలుగా చేస్తారు. నిశ్శబ్దమైన ముక్కలను లెక్కనుంచి తీసివేస్తారు. అట్లా చేయకపోతే, మధ్యలో చాలాసేపు మౌనం పెట్టి సగటును తగ్గించుకొని, తక్కిన చోట్ల అరిచే వీలుండేది. సవరణ చాలా తేలిక. ఇంటర్నెట్టు కోసం మైనస్ 14 వద్ద తయారైన కార్యక్రమాన్ని 9 డెసిబెళ్ళు తగ్గిస్తే చాలు. సున్నితమైన చిత్రం విషయం వేరు. సగటు మైనస్ 30, అందులో ఒక్క ఉరుము మైనస్ 5 అనుకుందాం. సగటును మైనస్ 23కు తేవాలంటే 7 డెసిబెళ్ళు పెంచాలి; ఉరుము సున్నను దాటి 2కు పోతుంది. డిజిటల్ ధ్వనిలో సున్నకు పైన అంకెలు లేవు, తరంగం తల తెగిపోతుంది. అప్పుడు ఆ ఉరుమును మాత్రం ప్రత్యేకంగా అణచాలి. దానిని యంత్రానికి వదలక, ధ్వని కూర్చినవారి చేతనే చేయించడం న్యాయం.

వెనుకకు తిప్పగలిగినవి, తిప్పలేనివి

ఇన్ని మార్పులూ ఒకే మెట్టులో, తొలి ప్రతి నుంచి చేయాలి. ఎడిటరు దగ్గర కుదింపు తక్కువగల ప్రతి ఉండగా, ఇంటర్నెట్టుకు ఎక్కించిన ప్రతిని తెచ్చి ప్రసారానికి మార్చడం జిరాక్సుకు జిరాక్సు తీయడం వంటిది. అంకెలన్నీ సరిపోయి యంత్రం ఆమోదించినా, చిత్రంలో దువ్వెన గీతలు, కరిగిన వేళ్ళు ఉన్నాయో లేదో యంత్రం ఎల్లప్పుడూ చెప్పలేదు. అందుకే బ్రిటనువారి నిర్దేశం యంత్రపరీక్షతో బాటు కంటితో చూసే పరీక్షను కూడా కోరింది.

తొలి ప్రతిని దాచిపెట్టడం ఎందుకు ముఖ్యమో పాత సినిమాలను తలచుకుంటే తెలుస్తుంది. నెగటివు శిథిలమై, ఒకప్పుడు ప్రసారం కోసం తీసిన టేపు మాత్రమే మిగిలితే, ఆ టేపులో జరిగిన మార్పు ఏ జాతిదో అనే దానిమీద చిత్రం భవిష్యత్తు ఆధారపడుతుంది. బొమ్మలను కలిపి కరిగించి వేగం మార్చి ఉంటే అసలు బొమ్మలు ఇక దొరకవు. రెండు మూడు ఫీల్డుల పంపకం జరిగి ఉంటే, ఆ వరుసను మధ్యలో ఎవరూ కోయకపోతే, అదనపు ఫీల్డులను ఏరివేసి 24 బొమ్మలనూ తిరిగి సంపాదించవచ్చు. కోసిన ప్రతిచోటా వరుస మారుతుంది కనుక అక్కడ మనిషి మళ్ళీ లెక్క చూడాలి. వేగం మాత్రమే పెంచిన టేపు అన్నిటికంటె అదృష్టవంతమైనది. గీతల స్పష్టత టేపులో ఉన్నంతే ఉంటుంది. కాని దానిలో ఫిల్ము మీది ప్రతి బొమ్మా ఉన్నది, కొత్తగా చేరినది ఏదీ లేదు. దానిని 25లో 24 వంతుల వేగంతో నడిపితే 144 నిమిషాలు తిరిగి 150 అవుతాయి, షడ్జమం 272.5 నుంచి 261.6కు దిగుతుంది, పాట హార్మోనియం మెట్టుకు సరిగా వచ్చి కూర్చుంటుంది.